వాలు నేల

చెంబుడు నీళ్ళు తలుపు వార మూలన పోసి మేస్త్రీ గొంతుక్కూర్చున్నాడు. నీళ్ళు ముందు పలుచగా పరుచుకున్నాయి. తర్వాత ఒక పాయగా మారి, గోడ వారగా నడిచి, ఎదుటి మూలనున్న జాలీలోకి దిగిపోయాయి. వెనక ఎక్కడైనా చుక్క నిలిచిందేమోనని అతను అరచేతితో నేలంతా తడిమి చూశాడు. నిలవలేదు.

అరవై దాటిన మనిషి. మోకాళ్ళ మీది చర్మం అరికాళ్ళదానికన్నా మందం. బొటనవేలి గోరు చుట్టూ తెల్ల సిమెంటు ఎన్నడో గట్టిపడి, ఇక ఏ సబ్బుకూ లొంగనంటోంది. నడుస్తూ కూడా కొద్దిగా ముందుకు వంగే ఉంటాడు. ఎదురొచ్చేవాళ్ళ మొహాల కంటే వాళ్ళు నిలబడ్డ చోటే ముందు చూస్తాడు.

సుత్తి పిడితో టైల్స్ ఒక్కొక్కటే కొట్టుకుంటూ వచ్చాడు. గడప దగ్గరి టైలు గుల్లగా పలికింది. అది అలా ఉన్నట్టు ఆ ఇంటావిడకు జన్మలో తెలియదు. అయినా ఊడదీశాడు. కింద సిమెంటు మాలు గీకేసి, కొత్తగా పరిచి, టైలు పెట్టి, రెండు అరచేతులతో ఒత్తి, రసమట్టం వేసి చూసుకున్నాడు.

"అయిపోయిందా మేస్త్రీ?" ఇంటావిడ తలుపు దగ్గర నుంచి అడిగింది.

"రేపటిదాకా తొక్కొద్దు."

పొద్దుట్నుంచీ అతను మాట్లాడింది అదొక్కటే.

పరాయివాళ్ళ నేల కింద గుల్ల ఉంటే అతనికి అన్నం సయించదు. తను అద్దెకుంటున్న ఇంట్లో బాత్రూం నేల మాత్రం పద్నాలుగేళ్ళుగా తప్పు వాలులోనే ఉంది. నీళ్ళు జాలీ వైపు పోవు, గుమ్మం వైపు వస్తాయి. స్నానం చేసిన ప్రతిసారీ భార్య చీపురు పట్టుకుని ఆ నీళ్ళను ఎదురు తోస్తుంది. మొదటి ఏడాది రెండుసార్లు అడిగింది. చూద్దాంలే అన్నాడు. తర్వాత ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టి ఇబ్బంది లేదని అతను తేల్చుకున్నాడు.

మధ్యాహ్నం ఆ ఇంటి మెట్ల కింద డబ్బా విప్పుతుండగా ఫోన్ మోగింది.

"తిన్నారా?" భార్య.

"ఊ."

"ఇవాళ టైలర్ గారు రావట్లేదు. కంట్లో పొర తీశారట. నలుగురు లేకపోతే ఆట సాగదు."

"అయితే మానేయండి."

"మీరు రండి. నాలుగింటికి."

"నాకు ఆటలేంటి, ఈ వయసులో."

"కెప్టెన్ గారికి డెబ్బై ఒకటి. ఆయనకి లేని వయసు మీకెక్కడిది?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. ఈమధ్య ప్రతి రెండు మాటలకూ ఆగుతోంది. "నెల నుంచి అడుగుతున్నా. ఇంకెన్నిసార్లు అడగగలనో తెలీదు. రండి."

నెల కిందట పెద్దాసుపత్రిలో డాక్టరు ఒక కాగితం మీద గుండె బొమ్మ వేసి చూపించాడు. లోపల ఒక తలుపు సరిగా మూసుకోవట్లేదు, ముందుకు పోవాల్సిన రక్తం వెనక్కి వస్తోంది అన్నాడు. ఆపరేషన్ చేస్తే బల్ల మీదే పోవచ్చు, చేయకపోతే కొన్ని నెలలు అన్నాడు. మేస్త్రీ ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. వెనక్కి వచ్చే నీళ్ళ గురించి అతనికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

బయటికొచ్చాక ఆమే అంది. "నేను పోయాక మీరు ఎవరితో మాట్లాడతారు? పోనీ గోడలతో మాట్లాడతారులే అనుకుందామంటే, మీరు గోడల మేస్త్రీ కూడా కాదాయె."

ఆ రోజు నుంచీ పట్టుకుంది. పార్కులో తను ఆడే గుండ్లాటకు అతన్నీ రమ్మంటుంది. నలుగురు మనుషులుండే చోట అతన్ని దించి వెళ్ళాలని ఆమె పట్టుదల. ఆ సంగతి ఆమె దాచలేదు. అతనికి అర్థమైంది కూడా. అర్థమైంది కనుకే నెల రోజులు తప్పించుకున్నాడు. వెళ్తే ఆమె పోతుందని ఒప్పుకున్నట్టవుతుంది.

వాళ్ళకు పిల్లలు లేరు. లోపం ఎవరిదో పరీక్ష చేయించుకోమని అప్పట్లో ఒక డాక్టరమ్మ ఇద్దరికీ చీటీ రాసిచ్చింది. ఆమె చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. అతను వెళ్ళలేదు. చుట్టాలంతా ఆమెలోనే ఏదో ఉందనుకుంటే అనుకోనిచ్చాడు. ఆమె కూడా నోరు విప్పలేదు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో ఆమెను ఒక్కసారైనా పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో" అనేవాడు. ఆ పిలుపుకే ఆమె పలికేది.

డబ్బా మూసి, చేతులు కడుక్కుని, మూడున్నరకే పనిముట్ల సంచీ భుజానికి తగిలించుకున్నాడు.

పార్కులో నీళ్ళ ట్యాంకు వెనక, నడిచే దారికీ కంచె మొక్కలకూ మధ్య, గడ్డి మొలవని మట్టి నేల ఒక పట్టీలా ఉంది. ఆట అక్కడ. కెప్టెన్ అనబడే పెద్దాయన నిజానికి ఓడలో వంటవాడు. ముప్పై ఏళ్ళు సముద్రం మీద గరిటె తిప్పి, ఎక్కడో పరాయి రేవులో ముసలివాళ్ళు ఆడుతుంటే చూసి ఈ ఆట నేర్చుకుని, ఎనిమిది ఇనుప గుండ్లు మోసుకొచ్చాడు. ఊళ్ళో ఇంకెవరికీ ఈ ఆట తెలియదు. నడకకు వచ్చేవాళ్ళు ఆగి, నాలుగు క్షణాలు చూసి, ఏమీ అర్థంకాక వెళ్ళిపోతారు. ఏడాది కిందట, సాయంత్రాలు మెల్లగా నడవమని డాక్టరు చెబితే వచ్చిన మేస్త్రీ భార్య మాత్రం ఆగి, వెళ్ళలేదు. అప్పటికి కెప్టెన్‌తో ఆడుతున్నవాళ్ళు ఇద్దరే. టైలరు, ఉద్యోగం దిగిపోయిన నర్సమ్మ.

"వచ్చేశారే!" కెప్టెన్ రెండు చేతులూ చాపాడు. "చెల్లెమ్మ మీ గురించి చెబుతుంటే అసలు మీరున్నారో లేరో అని మాకు అనుమానం. రండి బావగారూ."

మేస్త్రీ తల ఊపాడు. అతన్ని బావగారూ అని పిలిచినవాళ్ళు ఈమధ్య లేరు.

"సంచీతో వచ్చారేంటి? ఆటకా, కాంట్రాక్టుకా?" అంది నర్సమ్మ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. సూది వేసే ముందు నవ్వించే అలవాటు ఇంకా పోలేదు.

"ఇదిగో చూడండి బావగారూ," కెప్టెన్ వేలెడంత చెక్క ఉండను దూరంగా విసిరాడు. "అది పిల్ల. మనం ఈ సున్నాలో నిలబడాలి. కాలు లేవకూడదు. గుండుని పిల్ల దగ్గరికి పంపాలి. ఎవరి గుండు దగ్గరుంటే వాళ్ళకి పాయింటు. అవతలివాళ్ళది అడ్డముంటే కొట్టి తరిమేయొచ్చు. పదకొండు పాయింట్లు వస్తే గెలుపు. అంతే. పప్పు ఉడకబెట్టడంకన్నా తేలిక."

కెప్టెన్, నర్సమ్మ ఒక జట్టు. మేస్త్రీ, భార్య ఒక జట్టు. మనిషికి రెండు గుండ్లు.

గుండు చేతిలోకి తీసుకోగానే అతని వేళ్ళు దాని చుట్టూ బిగుసుకున్నాయి. మంచి బరువు. చేయి వెనక్కి ఊపి ముందుకు తెచ్చాడు కానీ, వదలాల్సిన చోట వేళ్ళు వదల్లేదు. గుండు అతని కాళ్ళకు మూడడుగుల అవతల దబ్బున పడి అక్కడే కూర్చుంది.

"అబ్బో, పెట్టేశారు. సిమెంటు కూడా వేస్తారా?" కెప్టెన్ నవ్వాడు.

నలభై ఐదేళ్ళుగా అతని చేతులకు తెలిసిన పని ఒకటే. ఒకదాన్ని తీసుకుని, ఒక చోట పెట్టి, కదలకుండా ఒత్తడం. దేన్నయినా చేతిలోంచి పోనివ్వడం వాటికి ఎవరూ నేర్పలేదు.

రెండోదీ అంతే. భార్య నవ్వు ఆపుకుంటూ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆమె వంతు వచ్చింది. చేయి పైకి లేపలేదు. నడుము పక్కన కొంచెంగా ఊపి, కుడివైపు కంచె దగ్గరికి వదిలింది. గుండు అయిదడుగులు పోయి, బలం చాలక ఆగబోయి, ఎడమకు తిరిగి మెల్లగా దొర్లుకుంటూ పిల్లకు జానెడు దూరంలో ఆగింది. రెండోది అలాగే బయల్దేరి, మధ్యలో ఒక చిన్న గుంటలో పడి ఉండిపోయింది.

మేస్త్రీకి ఆట కనిపించలేదు. నేలలో తప్పు కనిపించింది. కుడి నుంచి ఎడమకు గజానికి ముప్పాతిక అంగుళం దిగుడు. మధ్యలో తొక్కిడికి గుంట. ఇలాంటి నేల మీద ఆమె చేత ఆడిస్తున్నారని కోపం వచ్చింది. రెండు గుండ్ల మధ్య ఎవరిది దగ్గరని వాదన వచ్చినప్పుడు మాత్రం జేబులోంచి టేపు తీసి కొలిచాడు. "నర్సమ్మగారిదే. పావంగుళం తేడా" అన్నాడు.

"సొంత జట్టుకి ఎసరు పెట్టే మొగుడు," అంది భార్య.

నాలుగు పాయింట్లు వెనకబడ్డాక టీకి ఆగారు. గేటు దగ్గరి బండి దాకా ముగ్గురూ ఆమె నడకకు తగ్గట్టు మెల్లగా వెళ్ళారు. తనకు టీ వద్దన్నాడు మేస్త్రీ.

వాళ్ళు మలుపు తిరగగానే సంచీ విప్పాడు. సీసాలో నీళ్ళు చల్లి మట్టి మెత్తబరిచాడు. ఎత్తున్న వైపు తాపీతో చెక్కి, ఆ మట్టి తెచ్చి పల్లంలో పోశాడు. గుంట పూడ్చాడు. చెక్క బద్ద వేసి లాగాడు. మోకాళ్ళ మీద వెనక్కి వెనక్కి జరుగుతూ, అరచేతితో అదుముతూ, ఎనిమిదడుగుల మేర నేలంతా సాపు చేశాడు. రసమట్టం పెడితే బుడగ నడిమధ్యన నిలబడింది. ఆ పార్కులోకి వచ్చాక అతని మొహం విచ్చుకున్నది అప్పుడే.

వాళ్ళు తిరిగొచ్చారు. కెప్టెన్ నేలను చూసి నిలబడిపోయాడు.

"పరుపు వేశారేంటి బావగారూ? పడుకోమనా?"

"ఎగుడు దిగుడుగా ఉంది. సరిచేశా."

భార్య నేలను చూసింది, అతన్ని చూసింది. జుట్టులోంచి జారుతున్న, నల్లరంగు రాలిన తలపిన్నును సర్దుకుని, సున్నాలోకి వెళ్ళి గుండు వదిలింది. అది అయిదడుగులు పోయి పడినచోటే ఆగింది. రెండోదీ అక్కడే ఆగింది. పిల్ల ఇంకా అంత దూరాన ఉంది.

ఎవరూ నవ్వలేదు.

"చెల్లెమ్మకి ఆ వాలే చెయ్యి, బావగారూ," అన్నాడు కెప్టెన్, గొంతు తగ్గించి.

"అక్క గుండుని కంచె అంచు దాకా పంపితే చాలు," అంది నర్సమ్మ. "అక్కణ్నుంచి నేలే తీసుకెళ్ళేది. గుంటలో ఒక్కోసారి పడుతుంది, ఒక్కోసారి తప్పుతుంది. అదే ఆవిడ ఆట. ఏడాది నుంచి అలాగే ఆడుతోంది. మా ఇద్దర్నీ ఓడించేది కూడా."

మేస్త్రీకి చేతిలోని బద్దను ఎక్కడ పెట్టాలో తోచలేదు.

అప్పుడు ఆమె నవ్వింది. చిన్నగా మొదలై పెద్దదయింది. నవ్వు మధ్యలో ఊపిరి అందక, నర్సమ్మ చేయి పట్టుకుని బెంచీ మీద కూలబడి, అక్కడా నవ్వింది. "ముప్పై నాలుగేళ్ళకి... నా కోసం ఒక నేల చదును చేశారు. అదీ వద్దన్న చోట."

"మళ్ళీ చేస్తా," అన్నాడు.

"ఏం చేస్తారు?"

"వాలు."

"చేయండి మరి."

మోకాళ్ళ మీద కూర్చున్నాడు. తాపీ ఎత్తాడు. దించాడు. జాలీకి వాలు ఇవ్వడం అతనికి కళ్ళు మూసుకున్నా వస్తుంది. ఈ వాలుకు లెక్క లేదు. దీన్ని కాళ్ళు చేశాయి, వానలు చేశాయి. ఇది ఎలా ఉండేదో అతను చూశాడు, తప్పుగానే చూశాడు. ఎలా ఉండాలో తెలిసిన మనిషి బెంచీ మీద కూర్చుని ఉంది. పని గురించి అతను ఆమెను ఎప్పుడూ ఏదీ అడిగి ఎరగడు.

"ఎక్కడ మొదలుపెట్టను?" అన్నాడు.

ఆమె నవ్వు ఆగింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని ముందుకు వంగింది. "ఆ మొక్క మొదలు ఉంది చూడండి. అక్కడ ఎత్తు. ఇంకొంచెం. చాలు. ఇటు వస్తూ వస్తూ తగ్గాలి. ఒక్కసారిగా కాదు."

"ఇలాగా?"

"మరీ అంత కాదు. దొర్లాలి, జారకూడదు."

"నీకింత బాగా ఎలా తెలుసు వాలు?"

"తెలీకపోవడానికేంటి? మన బాత్రూంలో పద్నాలుగేళ్ళుగా అదే చదువుతున్నా."

కెప్టెన్ పెద్దగా నవ్వబోయి, నర్సమ్మ మోచేత్తో పొడిస్తే సీసాలోంచి నీళ్ళు పోసే పనిలో పడ్డాడు. మేస్త్రీ తల ఎత్తలేదు. అరచేతులతో మట్టిని తోశాడు, ఒత్తాడు, మళ్ళీ తోశాడు. చేతులారా నేలను వంకరగా చేయడం అతనికి అదే మొదలు.

"గుంట?" అన్నాడు.

"గుంట కూడా కావాలి. అది లేకపోతే కెప్టెన్ గారు ఏడుస్తారు."

ఆమె లేచి వచ్చింది. చెప్పులు విడిచి, తడి నేల మీద ఒక పాదం ఆనించి చూసింది. తూలకుండా అతని భుజం మీద చేయి వేసింది. ఆ చేతికి బరువు లేదు. "ఇక్కడ," అంది, మడమతో ఒత్తుతూ. అతను ఆ మడమ గుర్తు చుట్టూ బొటనవేలితో మట్టి లాగి గుంట చేశాడు. చేయడం అయిపోయాక కూడా కాసేపు అలాగే ఉన్నాడు, భుజం కదిలితే చేయి తీసేస్తుందని.

మళ్ళీ ఆడారు. ఆమె వదిలిన గుండు అంచు దాకా పోయింది, తిరిగింది, కొత్త వాలు మీద పాత దారి వెతుక్కుంటూ వచ్చి పిల్లను ఆనుకుని ఆగింది. నర్సమ్మ చప్పట్లు కొట్టింది. ఆఖరి గుండు మేస్త్రీది. అతను విసరకపోయినా పాయింటు తమ జట్టుదే.

"నేను మానేస్తా," అన్నాడు.

"విసరండి. పెట్టకండి, వదిలేయండి. చెయ్యి ముందుకి వచ్చినప్పుడు వేళ్ళు విప్పండి, అంతే."

చేయి ఊపాడు. వేళ్ళు విప్పాడు. గుండు గాల్లోకి లేచి, ఎత్తుగా వెళ్ళి, ఠంగున ఆమె గుండు మీదే పడి దాన్ని కంచె మొక్కల్లోకి తరిమేసింది.

కెప్టెన్ పొట్ట పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. "సొంత పెళ్ళాం గుండుని! బావగారూ, మీరు రేపూ రావాలి. మాకు మీరు కావాలి." మేస్త్రీ అరచేతిని తిప్పి తిప్పి చూసుకుంటున్నాడు. ఖాళీగా ఉంది. అతని పెదవి ఒక పక్కకు సాగింది. అది నవ్వేనని ఆమెకు తెలుసు.

ఏడుకు పదకొండుతో ఓడిపోయారు.

ఇంటికి మెల్లగా నడిచారు. ప్రతి దీపస్తంభం దగ్గరా ఆమె ఆగింది, అతనూ ఆగాడు. మూడో స్తంభం దగ్గర అన్నాడు, "ఆదివారం మన బాత్రూం నేల లేపి మళ్ళీ వేస్తా."

"ఏ ఆదివారం?"

"ఈ ఆదివారమే."

"సరే," అంది ఆమె. కొంచెం ఆగి, "రేపు కూడా వస్తారా? ఆటకి?"

"ఊ."

ఆ ఊ ఆమెకు చాలినట్టుంది. నాలుగో స్తంభం దాకా ఆగకుండా నడిచింది.

మర్నాడు కూడా అతను వెళ్ళాడు. ఇద్దరూ మళ్ళీ ఓడిపోయారు.

శనివారం పొద్దున ఆమె లేవలేదు. రోజూ పాలు కాగే వాసనకు లేచే అతనికి, ఆ రోజు ఆ వాసన రాకపోవడంతో మెలకువ వచ్చింది. ఒళ్ళు అప్పటికే చల్లబడింది. "ఇదిగో," అన్నాడు. మళ్ళీ అన్నాడు. తర్వాత పేరు పెట్టి పిలిచాడు. ముప్పై నాలుగేళ్ళు ఆలస్యమైంది. ఆదివారం ఇంటినిండా జనం ఉన్నారు. వాళ్ళు కాళ్ళు కడుక్కున్న నీళ్ళు బాత్రూం గుమ్మం దాటి గదిలోకి వచ్చాయి. చీపురు పట్టుకుని వాటిని ఎదురు తోసింది అతనే.

పన్నెండు రోజుల తర్వాత, గురువారం, నాలుగింటికి పార్కుకు వెళ్ళాడు. సంచీ లేకుండా వెళ్ళాడు. ట్యాంకు వెనక బెంచీ మీద ముగ్గురు కూర్చున్నారు. నల్లద్దాలు పెట్టుకున్నాయన టైలరు అయి ఉంటాడు. గుండ్ల సంచీ కెప్టెన్ కాళ్ళ దగ్గర, మూతి కట్టి ఉంది. అంతకుముందు రోజుల్లో కూడా విప్పినట్టు లేదు.

వాళ్ళు లేచి నిలబడ్డారు. చెల్లెలు లేని బావను ఏమని పిలవాలో తేల్చుకోవడానికి కెప్టెన్‌కు ఒక క్షణం పట్టింది.

"రండి బావగారూ," అన్నాడు.

కెప్టెన్ కర్ర తీసుకుని, ఎప్పటి చోటే సున్నా గీయబోయాడు. మేస్త్రీ ఆ చోటు చూసి అతని చేయి పట్టుకున్నాడు.

"కాస్త ఇటు. జానెడు."

"మళ్ళీ లెవెలు సరిలేదా?"

"ఊ."

జానెడు పక్కకు గీశారు. నర్సమ్మ ఆడింది, టైలరు ఆడాడు. మేస్త్రీ సున్నాలో నిలబడి చేయి ఊపాడు. వేళ్ళు మళ్ళీ బిగుసుకుపోయాయి. గుండు మూడడుగుల అవతల దబ్బున పడింది. ముగ్గురూ దాన్ని చూశారు. ముగ్గురూ ఎటో చూశారు. కెప్టెన్ మీసం కింద పెదవులు బిగబట్టుకున్నాడు. అంత నిశ్శబ్దం అతని ఇంట్లో కూడా లేదు.

మేస్త్రీ వాళ్ళ వైపు తిరిగాడు.

"నవ్వండి," అన్నాడు. "ఏం కాదు. ఆవిడైతే ఈపాటికి బెంచీ మీద పడి నవ్వేది."

ముందు నర్సమ్మ నవ్వింది, కళ్ళు తుడుచుకుంటూ. తర్వాత కెప్టెన్. ఏం జరిగిందో సరిగా కనిపించని టైలరు, "ఎక్కడ పడింది, ఎక్కడ పడింది?" అంటూ నవ్వాడు. "ఇక్కడేనండీ, మీ కాలి దగ్గరే," అన్నాడు మేస్త్రీ. చెప్పి, ఇంకో గుండు తీసుకున్నాడు.

పొద్దు వాలేదాకా ఆడారు. వెళ్ళేటప్పుడు రేపు నాలుగింటికేగా అని అతనే అడిగాడు. నలుగురూ గేటు వైపు నడిచారు. వాళ్ళ వెనక, రోజూ సున్నా గీసే చోట, తలపిన్ను ఒకటి, నల్లరంగు అక్కడక్కడ రాలి, ఒక కాలు మట్టిలో దిగబడి ఉంది.